పద్నాలుగు వేలు మిగలాల్సిన ఇంట్లో అప్పు ఎందుకు పెరిగింది: ఒక మూసాపేట కుటుంబం కేస్ స్టడీ

ఈ కుటుంబం మూసాపేటలో ఉంటుంది. మూడో అంతస్తులో టూ బెడ్రూమ్ అద్దె ఇల్లు. ఆయనది మాదాపూర్‌లో ఒక ప్రైవేటు ఉద్యోగం, కటింగులన్నీ పోగా చేతికి 54,000 వస్తుంది. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడతారు. శ్రావణంలో, పెళ్లిళ్ల సీజన్లో చేతినిండా పని, మూఢం వస్తే మిషన్ మీద గుడ్డ కప్పేయడమే. సగటున నెలకు 10,000. ఎనిమిదో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి, బీపీ షుగర్ రెండూ ఉన్న ఆయన తల్లి. సొంతూరు సూర్యాపేట వైపు. ఎవరో తెలియకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేను చూసేది ఇంటి ఖర్చుల లెక్క మాత్రమే. షేర్లు, ఫండ్ల సలహా నా పని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జీతం చాలక రారు, జీతం ఎటు పోతోందో తెలియక వస్తారు. వీళ్లూ అలాగే వచ్చారు. "నెలాఖరుకు చేతుల పైస ఉంటలేదు మేడం. అట్లని పెద్ద ఖర్చులేం లేవు" అన్నారాయన. ఆయన అనుమానం ఆవిడ ఫోన్లో పెట్టే ఆర్డర్ల మీద. ఆవిడ అనుమానం ఆయన బండి పెట్రోలు మీద, సాయంత్రం దోస్తులతో తాగే ఛాయ్ మీద. క్రెడిట్ కార్డు మీద 1,40,000 బాకీ ఉంది, రెండేళ్లుగా నెలనెలా మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే, కడుతున్నారు.

వాళ్లు చెప్పిన లెక్క

నెల ఖర్చు చెప్పమంటే ఇద్దరూ కలిసి నోటికే చెప్పేశారు. అద్దె 15,500, మెయింటెనెన్స్ 1,500, కిరాణా 7,000, పాలు 2,700, కూరగాయలు 3,000, గ్యాస్ 900, కరెంట్ 2,000, ఫోన్లు ఇంటర్నెట్ 1,600, పెట్రోలు 4,000, అత్తమ్మ మందులు 3,800, పిల్లల స్కూల్ ఆటో 2,800, ఎల్ఐసీ 2,200, చేతి ఖర్చు 3,000. కూడితే సరిగ్గా 50,000. రాబడి 64,000. అంటే నెలకు 14,000 మిగలాలి.

ఆ పద్నాలుగు వేలే ఈ కేసుకు మూలం. మిగలాల్సిన డబ్బు ఉందనే నమ్మకం ఇద్దరికీ ఉంది. అందుకే చిన్న చిన్న ఖర్చుల దగ్గర చెయ్యి వెనక్కి రాదు. నెలాఖరుకు అది కనబడకపోతే అవతలి మనిషి ఖర్చు పెట్టేశారన్న అనుమానం మొదలవుతుంది.

బ్యాంకు ఖాతా, యూపీఐ, కార్డు మూడింటి స్టేట్‌మెంట్లూ పన్నెండు నెలలవి తెప్పించాను. మూడు నెలలవి చూస్తే ఏమీ తెలియదు. జూన్ లేని లెక్క, దసరా లేని లెక్క హైదరాబాద్‌లో లెక్కే కాదు. ప్రింట్ తీసి, ఏడాదికి ఒకటి రెండుసార్లే వచ్చే ఖర్చుల మీద ఎర్ర పెన్నుతో గీత గీయమన్నాను. ఆవిడ గీస్తూ పోయారు, ఆయన పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయారు.

ఇద్దరి స్కూల్ ఫీజులు 84,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 15,000. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 6,000. బోనాలు, దసరా, సంక్రాంతికి బట్టలూ ఊరి ప్రయాణాలూ కలిపి 24,000. పెళ్లిళ్లు, ఒడుగులు, గృహప్రవేశాల్లో చదివింపులు 15,000. ఎండాకాలంలో ఆవకాయ సరుకులు, ఏడాదికి సరిపడా కారం, పసుపు, చింతపండు 12,000. మొత్తం 1,56,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 13,000.

మిగలాల్సిన పద్నాలుగు వేలల్లో పదమూడు వేలు ముందే ఖర్చు రాసి ఉన్నాయన్నమాట. అసలు మిగులు వెయ్యి రూపాయలు. ఆవకాయ ఖర్చు పన్నెండు నెలల్లో ఒక్క నెలలోనే కనబడుతుంది కాబట్టి అది నెల ఖర్చులో ఉండదు, "ఆ నెల కొంచెం ఎక్కువైంది" అనే మాటలో ఉంటుంది. అలాంటి నెలలు ఈ ఇంట్లో ఏడాదికి ఏడు ఉన్నాయి.

రాత్రి ఆర్డర్లు

వెయ్యి మిగిలే ఇంట్లో 1,40,000 అప్పు ఎలా వచ్చింది? యూపీఐ చిట్టా చెప్పింది. పది నిమిషాల డెలివరీ యాప్‌లు, తినే ఆర్డర్లు కలిపి నెలకు 6,200. ఇద్దరూ నోటితో చెప్పిన యాభై వేలల్లో ఈ పద్దు అసలు లేనే లేదు. కిరాణా 7,000 అంటే కిందనున్న దుకాణంలో ఖాతా. యాప్ దానిపైన.

ఒక ఆర్డర్ ముందర పెట్టుకుని ముగ్గురం చూశాం. మంగళవారం రాత్రి 9:40. కావలసింది పెరుగు ప్యాకెట్, కొత్తిమీర కట్ట, రెండూ కలిపి అరవై లోపే. ఇంత దగ్గర ఆగితే డెలివరీ చార్జీ పడుతుంది, 199 దాటితే పడదు. దాంతో అబ్బాయికి చిప్స్, చాక్లెట్, ఓ బిస్కెట్ ప్యాకెట్. పైన హ్యాండ్లింగ్ చార్జీ. కట్టింది 214. డెలివరీ చార్జీ ముప్పై తప్పించుకోవడానికి నూట యాభై రూపాయల అవసరం లేని సరుకు కొన్నారు, అదీ ఆదా చేశామన్న సంతోషంతో. ఇలాంటివి వారానికి అయిదారు.

యాప్ డిలీట్ చేయండి అని చెప్పడం తేలిక. ఆవిడ ఒప్పుకోలేదు, ఆవిడ మాటలో న్యాయం ఉంది. "మూడంతస్తులు దిగి దుకాణానికి పోయి వచ్చేసరికి అర్ధగంట పోతది మేడం. ఆ అర్ధగంటల ఒక జాకెట్ కటింగ్ అయిపోతది." లైనింగ్ జాకెట్‌కు ఆవిడ తీసుకునే కూలి నాలుగు వందలు. అలా చూస్తే సీజన్లో ముప్పై రూపాయల డెలివరీ చార్జీ దండగ కాదు. దండగ ఆ చార్జీ తప్పించుకోవడానికి కొనే సరుకుది. కాబట్టి పెట్టుకున్న నియమం తలకిందులుగా ఉంటుంది: చార్జీ పడితే పడనివ్వండి, కావలసినదే కొనండి. దానికి నెలకు 1,500 విడిగా కేటాయించాం, అది ఆవిడ యూపీఐలోని వాలెట్‌లో వేస్తారు, అయిపోతే అయిపోయినట్టే. పెరుగు ఇంట్లోనే తోడు పెడుతున్నారు. నెలకు 4,700 తగ్గింది. మొత్తం కేసులో ఇదే పెద్ద తగ్గింపు.

ఆయన ఛాయ్ జోలికి నేను వెళ్లలేదు. రోజుకు ఇరవై రూపాయల ఛాయ్ ఆపించి ఇంట్లో పోరు పెట్టుకున్న సంసారాలను చాలా చూశాను. నెలకు ఆరు వందలు మిగులుతాయి, నాలుగో నెలకు ఆ మనిషి లెక్కే రాయడం మానేస్తాడు.

ముందు కార్డు

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. 1,40,000 మీద 4,900, దానిపైన 18 శాతం జీఎస్టీ, వెరసి దాదాపు 5,800. వాళ్లు కట్టే మినిమం డ్యూ 7,000. అంటే ప్రతి నెలా ఏడు వేలు కడితే అసలు తగ్గేది పన్నెండు వందలు. ఆ తగ్గినదాన్ని మళ్లీ అదే నెలలో కార్డు మీదే వాడేవాళ్లు. నోటి లెక్క 50,000, ఏడాది ఖర్చుల వాటా 13,000, యాప్‌లు 6,200, వడ్డీ 5,800 కలిపితే నెల ఖర్చు 75,000. రాబడి 64,000.

మందులు, కరెంట్ అన్నీ తర్వాత, ముందు ఈ కార్డు అన్నాను. ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి, ఏడాదికి పది శాతం వడ్డీ మీద గోల్డ్ లోన్ తీసుకుని కార్డు బాకీ ఒకేసారి కట్టేశారు. వడ్డీ 5,800 నుంచి నెలకు 1,170 దగ్గరికి వచ్చింది. బంగారం తాకట్టు అనగానే మన ఇళ్లలో ఒక రకమైన నామోషీ ఉంటుంది. బీరువాలో గాజులు ఉంచుకుని బయట నలభై శాతం వడ్డీ కట్టడం మాత్రం ఎవరికీ నామోషీగా అనిపించదు. ఆవిడ ఒక షరతు పెట్టారు: కార్డు క్లోజ్ చేస్తేనే గాజులు ఇస్తాను. ఆ షరతు నేను పెట్టాల్సింది, ఆవిడే పెట్టారు కాబట్టి నాకు మాట మిగిలింది. ఖాళీ అయిన కార్డు పర్సులో ఉంటే ఆరు నెలల్లో రెండు అప్పులవుతాయి.

అత్తమ్మ గోలీలు

నెలకు 3,800 మందులంటే ఎక్కువే. చీటీ చూస్తే షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, ఇవి కాక ఒక మల్టీవిటమిన్, కీళ్ల నొప్పులకని ఒక పౌడర్. చివరి రెండే 1,500 పైన. డాక్టర్‌ను అడగకుండా దేన్నీ ముట్టుకోవద్దన్నాను. వాళ్ల డాక్టర్ గారు బ్రాండ్ పేర్ల బదులు మందు పేర్లే రాసిచ్చారు, పౌడర్ అక్కర్లేదన్నారు, విటమిన్ నెలరోజులు వాడి ఆపేయమన్నారు. మిగతావి, ప్రభుత్వ పథకం కింద తక్కువ ధరకు మందులు అమ్మే జన ఔషధి కేంద్రంలో తీసుకున్నారు. ఒక గోలీ అక్కడ దొరకలేదు, అది మామూలు షాపులోనే. మొత్తం 1,300 అవుతోంది.

డాక్టర్ ఒప్పుకోవడం సులువే, పెద్దావిడను ఒప్పించడమే కష్టమైంది. "అగ్గువ గోలీలు తెచ్చి ఇస్తున్నరా నాకు?" అని రెండు రోజులు అలిగారట. ఆ అలకలో తప్పేమీ లేదు. ముసలితనంలో తన మందుల మీద కొడుకు డబ్బు మిగుల్చుకుంటున్నాడని అనిపిస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. దానికి మాటలతో సమాధానం ఉండదు. మందు మార్చే ముందు షుగర్ పరీక్ష, మార్చాక నెలకోసారి పరీక్ష, ఆ కాగితాలన్నీ ఆవిడ మంచం పక్కన గోడకు అంటించారు. పరీక్షలకు ఖర్చు లేదు. బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌లో ఉచితంగా చేసి రిపోర్టు పంపుతారు. అక్కడ బీపీ, షుగర్ గోలీలు కూడా ఉచితమే. 2018 నుంచి నడుస్తున్న ఈ దవాఖానాలకు మధ్యతరగతి వాళ్లు వెళ్లరు, "అవి మనకు కాదు" అనుకుంటారు. మూడో రిపోర్టు కూడా ముందులాగే వచ్చాక ఆవిడ తన గోలీల సంచీ తానే పట్టుకుని మనవరాలితో జన ఔషధికి వెళ్లడం మొదలుపెట్టారు.

కరెంట్ బిల్లు: 200 గీత

తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. పట్నంలో ఏడాదికి రెండు లక్షల ఆదాయం దాటితే ఆ కార్డు రాదు, కాబట్టి వీళ్లకు లేదు. కానీ ఆ 200 గీత వీళ్లకూ ముఖ్యమే.

సంగతేమిటంటే, వాడకం వంద దాటి 200 లోపుంటే మొదటి వందకు యూనిట్ 3.40, తర్వాతి వందకు 4.80. 200 యూనిట్లకు 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే మొత్తం రేటే మారిపోతుంది: మొదటి 200 యూనిట్లూ 5.10 చొప్పున, ఆపైన 7.70. బిల్లు 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్‌కు రెండు వందల ఏడు రూపాయలు! ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు వేరే. ఇది తెలిసిన ఇళ్లు బహు తక్కువ. బిల్లు ఎక్కువొస్తే మీటర్ పరుగెత్తుతోందని అనుమానిస్తారు గానీ స్లాబ్ చూడరు.

వీళ్ల మామూలు వాడకం 280. అంటే యూనిట్ల లెక్కే 1,636. ఏం తిరుగుతోందో ఇల్లంతా చూశాను. పెద్దావిడ గదిలో, మిషన్ దగ్గర ఉన్న రెండు పాత ఫ్యాన్లు రోజుకు పదహారు గంటలు తిరుగుతాయి, ఒక్కోటి 75 వాట్లు. వాటి బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే నెలకు 43 యూనిట్లు తగ్గుతాయి. మిగతా రెండు గదుల ఫ్యాన్లు మార్చొద్దన్నాను, అవి తిరిగేది తక్కువ, పెట్టిన డబ్బు ఎప్పటికో గానీ రాదు. ఇంక గీజర్. రెండు కిలోవాట్లది, పొద్దున అయిదున్నరకు వేస్తే అందరి స్నానాలూ అయ్యేదాకా, ఒక్కోసారి తొమ్మిది దాకా, ఆన్‌లోనే. అయిదుగురూ ఆరున్నర లోపు వరసగా స్నానాలు చేసి ఆపేయడం, వేడి కాస్త తగ్గించి పెట్టడం, ఇదే చేసిన మార్పు. దాదాపు 40 యూనిట్లు. బిల్లు 197 యూనిట్లకు దిగింది, లెక్క 806.

ఎండాకాలం మూడు నెలలు కూలర్ నడుస్తుంది, 200 ఎలాగూ దాటుతుంది. ఆ మూడు నెలలు దాని గురించి ఇంట్లో మాట్లాడొద్దన్నాను. ఏడాది సగటున నెలకు 600 తగ్గింది. ఇల్లు మారేవాళ్లకు ఇక్కడే ఒక మాట: అద్దె మాట్లాడుకునే ముందు మీ పోర్షన్‌కు విడి మీటర్ ఉందా, ఓనర్ సబ్‌మీటరా అడగండి. సబ్‌మీటర్ మీద యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే ఇంట్లో ఈ స్లాబ్ తెలివితేటలేవీ పనికిరావు.

కూరగాయలు, కిరాణా, తిరుగుడు

ఖర్చు తగ్గించడమంటే అందరి మనసూ ముందు కూరగాయల మీదికే పోతుంది. నిజానికి అక్కడ దొరికేది తక్కువ. మెట్రోలో రెండు స్టేషన్ల అవతల ఎర్రగడ్డ రైతు బజార్. వారానికోసారి వెళ్లి, బోర్డు మీద రాసిన ధర చూసి కొంటే నెలకు ఏడు వందలు మిగిలింది. అదీ మూడో నెల నుంచి. మొదట్లో చవగ్గా ఉందని మూడు కిలోల టమాటా, నాలుగు కట్టల తోటకూర తెచ్చి సగం పారేశారు. ఇప్పుడు ఆకుకూరలు మాత్రం ఇంటి ముందుకు వచ్చే బండి మీదే తీసుకుంటున్నారు, అదే మేలు.

కిరాణాలో నేను పెద్దగా వేలు పెట్టలేదు. బియ్యం 26 కిలోల బస్తా తెస్తున్నారు, అలాగే కానివ్వమన్నాను. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ ఉంది, 26 కిలోల బస్తా పుట్టిందే అందుకు. పది కిలోల సంచీలు కొనేవాళ్లు ఆ పన్ను కడుతున్నారు.

పెట్రోలు దగ్గర ఆవిడ అనుమానం సగమే నిజం. ఆఫీసుకు రానూపోనూ ఇరవై కిలోమీటర్లు, లీటరుకు 45 ఇచ్చే బండి, లీటరు 107 పైన. నెలకు 1,200. ఆర్డినరీ బస్ పాసే 2025 జూన్ నుంచి 1,400, కాబట్టి బండి మానేయడంలో అర్థం లేదు. మిగతా పెట్రోల్లో కొంత లైనింగ్ గుడ్డకు, హుక్కులకు, దారాలకు ఆవిడను సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు, బేగంబజార్‌కు తిప్పినది. ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ఉచితం, దానికి రేషన్ కార్డుతో పని లేదు, తెలంగాణ చిరునామాతో ఆధార్ చాలు. ఇప్పుడు సరుకుకు ఆవిడే పదిహేను రోజులకోసారి మధ్యాహ్నం పూట, రద్దీ లేనప్పుడు, బస్సులో వెళ్లొస్తున్నారు. ఎనిమిది వందలు తగ్గింది.

కుదరనివి

నీళ్ల విషయంలో ఏమీ సాధించలేకపోయాం. జలమండలి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తుంది, అపార్ట్‌మెంట్లలో అయితే ఫ్లాట్‌కు అంత. కానీ మీటర్ పనిచేస్తూ ఉండాలి, ఆధార్ లింక్ అయి ఉండాలి. ఈ బిల్డింగ్‌లో మీటర్ చెడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. ఓనర్ ఊళ్లో ఉండరు, అద్దెకున్నవాళ్లు పట్టించుకోరు. మెయింటెనెన్స్ 1,500 అలాగే ఉంది.

స్కూల్ మార్చే మాట వాళ్లు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అమ్మాయి తొమ్మిదిలోకి వస్తున్నప్పుడు మార్చేది కాదు.

చిట్టీ గురించి కొంచెం వాదన జరిగింది. ఏడాది ఖర్చుల కోసం నెలకు 13,000 విడిగా దాచాలని అనుకున్నాక, కాలనీలో తెలిసినావిడ నడిపే చిట్టీలో వేద్దామని ఆయన అన్నారు. చిట్టీలకు నేను వ్యతిరేకిని కాను. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చిట్టీలో ఫోర్‌మన్, అంటే చిట్టీ నడిపేవాళ్లు, తీసుకునే కమిషన్‌కు హద్దుంది (2019లో అయిదు నుంచి ఏడు శాతానికి పెంచారు), గొడవైతే వెళ్లడానికి రిజిస్ట్రార్ ఉంటాడు. కాలనీ చిట్టీకి నోటిమాట తప్ప ఏదీ లేదు. అది పక్కన పెట్టినా, జూన్ పదో తారీఖున ఫీజు కట్టాల్సిన డబ్బును పాట ఎప్పుడొస్తుందో తెలియని చోట పెట్టకూడదు. చివరికి వేరే బ్యాంకులో ఒక మామూలు సేవింగ్స్ ఖాతా తెరిచారు. దానికి యూపీఐ లేదు, డెబిట్ కార్డు ఆవిడ దగ్గర. జీతం పడిన మర్నాడు 13,000 దానంతట అదే ఆ ఖాతాకు వెళ్తుంది.

ఖాతా మొదలుపెట్టింది జులైలో. కావాలనే. అప్పటికి ఫీజులు కట్టడం అయిపోతుంది, మళ్లీ జూన్ వచ్చేసరికి పదకొండు జమలు పడతాయి. జనవరిలో మొదలుపెట్టిన ఇళ్లలో జూన్ నాటికి ఖాతా సగం కూడా నిండక, మళ్లీ కార్డు బయటికొస్తుంది.

ఏడాది తర్వాత

యాప్‌లు 4,700, మందులు 2,500, పెట్రోలు 800, కూరగాయలు 700, కరెంట్ 600, వడ్డీలో 4,600. మొత్తం 13,900 తగ్గి, నెల ఖర్చు 75,000 నుంచి 61,100కు వచ్చింది. ఏడాది ఖర్చుల వాటా అందులోనే ఉంది. మిగిలే 2,900 గోల్డ్ లోన్ అసలుకు కడుతున్నారు.

సెప్టెంబరులో అబ్బాయికి డెంగీ వచ్చింది. ఆసుపత్రి ఖర్చు 19,000. దసరా బట్టలు పిల్లలకే పరిమితం చేసి తొమ్మిది వేలు ఏడాది ఖాతా నుంచి తీశారు, మిగతా పది వేలు లోన్‌కు కట్టాల్సిన డబ్బు నుంచి పోయింది. అందుకే మళ్లీ జులై వచ్చేసరికి లోన్ 1,05,000 కాకుండా 1,15,000 దగ్గర నిలిచింది. అది కార్డు మీద పడలేదు, ఎందుకంటే కార్డు లేదు. ఇద్దరి ఫీజూ జూన్ మొదటి వారంలో ఒకేసారి కట్టారు. అలా కట్టినందుకు స్కూల్ అయిదు శాతం తగ్గించింది, 4,200. ఆ తగ్గింపు ఆ స్కూల్లో ఎప్పటినుంచో ఉందట, టర్ముల వారీగా కట్టేవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఈ జులై నుంచి లెక్క మళ్లీ వేశాం. తొమ్మిదో తరగతి ఫీజు పెరిగింది, వైద్యానికని ఏడాదికి 12,000 కొత్తగా చేర్చాం. నెలకు 13,000 ఇప్పుడు 14,800 అయింది. లోన్‌కు పోయే డబ్బు ఆ మేరకు తగ్గి 1,100కు దిగుతుంది, గాజులు ఇంటికి రావడం ఇంకా ఆలస్యమవుతుంది. ఆవిడ దీనికి ఒప్పుకోవడం లేదు. శ్రావణం కుట్టుకూలిలో పదివేలకు పైన వచ్చేదంతా నేరుగా లోన్‌కే కడతానంటున్నారు. ఆయన మాత్రం ఆ డబ్బుతో కూలర్ మార్చాలంటున్నారు. వచ్చే నెల ఇద్దరూ వస్తామన్నారు. పాత కూలర్ ఎన్ని వాట్లదో స్టిక్కర్ ఫొటో తీసుకుని రమ్మన్నాను.